టీచరును ఎంచేవాళ్లకు పరీక్ష ఎవరు పెడతారు?

2022 మే నెలలో ఇక్కడి ప్రైవేటు పాఠశాల ఒకదాని వాళ్లు నన్ను టీచర్ల ఇంటర్వ్యూ బోర్డులో కూర్చోమన్నారు. నేను చదివింది బీకాం. ముప్పై అయిదేళ్లు రక్షణ శాఖ ఖాతాల కార్యాలయాల్లో జీతాల బిల్లులు, వోచర్లు తనిఖీ చేసి రిటైరయ్యాను. పిల్లలకు ఒక్క రోజు కూడా పాఠం చెప్పినవాణ్ణి కాను. అయినా "పెద్ద ఉద్యోగం చేసి వచ్చారు, మనిషిని చూడగానే పోల్చుకుంటారు" అని ట్రస్టు పెద్దలు అంటే కాదనలేకపోయాను. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది.

లెక్కల టీచరు పోస్టు ఒకటి. వచ్చినవాళ్లు ఏడుగురు. ఒక్కొక్కరికి పది నిమిషాలు. ఎవరిని ఏమి అడగాలో ముందుగా ఎవరమూ అనుకోలేదు. ఒకరిని తండ్రిగారు ఏం చేస్తారని అడిగాం. ఇంకొకరిని సున్నా ఎవరు కనిపెట్టారని అడిగాం. మరొకరిని ఇంగ్లీషులో తన గురించి చెప్పుకోమన్నాం. భిన్నాల కూడిక నాలుగో తరగతి పిల్లవాడికి ఎలా చెబుతారని మాత్రం ఎవరినీ అడగలేదు. టై కట్టుకుని, చక్కటి ఇంగ్లీషు మాట్లాడిన ఒక యువకుడికి నేను పదికి తొమ్మిది వేశాను. మా అపార్ట్‌మెంటులోనే ఉండే ఒక తెలుగు అమ్మాయి కూడా వచ్చింది. లెక్కల్లో ఎమ్మెస్సీ, బీఈడీ. నలుగురి ముందు మాట తడబడింది. ఆమెకు నాలుగు వేశాను.

ఆ యువకుడు దీపావళి సెలవులకు వెళ్లి మళ్లీ రాలేదు. అంతకన్నా మంచి జీతం దొరికిందట. మిగిలిన ఏడాది ఆ తరగతికి లెక్కలు ఎవరు వీలైతే వాళ్లు చెప్పారు. ఆ చలికాలంలోనే ఒక సాయంత్రం మా అపార్ట్‌మెంటు పార్కింగులో ఇరవై మంది దాకా పిల్లలు చాపల మీద కూర్చుని ఉండటం చూశాను. చాలామంది మగ్గాల మీద పనిచేసే మన తెలుగువాళ్ల పిల్లలు. ట్యూషన్ చెబుతున్నది నేను నాలుగు మార్కులు వేసిన అమ్మాయి. ఒక రొట్టెను కాగితంతో చేసి, దాన్ని మడిచి, చించి, మూడో వంతు పెద్దదా నాలుగో వంతు పెద్దదా అని అడుగుతోంది. ఒక పిల్లవాడు తప్పు చెబితే "ఎందుకట్ల అనుకున్నవ్?" అని వాడి చేతే చెప్పిస్తోంది. మాట ఎక్కడా తడబడలేదు.

ఈ ఒక్క ఉదంతంతో ఏదీ రుజువు కాదు. ఆ యువకుడు ఉండి ఉంటే గొప్పగా చెప్పేవాడేమో. ఆ అమ్మాయి ట్యూషన్‌లో బాగా చెప్పి, అరవై మంది ఉన్న తరగతిలో విఫలమయ్యేదేమో. నాకు తెలియదు. నన్ను ఇబ్బంది పెట్టింది అదే. తెలియదన్న సంగతి నాకు ఆ రోజు కూడా తెలియదు. తొమ్మిది, నాలుగు అని ధీమాగా అంకెలు వేశాను.

చెయ్యి చూసి భవిష్యత్తు చెప్పేవాణ్ణి మనం ఏమని నిలదీస్తాం? నువ్వు ఇప్పటిదాకా చెప్పిన జోస్యాలు ఎన్ని, వాటిలో నిజమైనవి ఎన్ని, లెక్క చూపించు అంటాం. "మనిషిని చూడగానే పోల్చుకుంటాను" అనే ఇంటర్వ్యూ బోర్డు సభ్యుణ్ణి ఎప్పుడైనా ఎవరైనా ఆ ప్రశ్న వేశారా? నేను మార్కులు వేసిన కాగితం అదే రోజు చెత్తబుట్టలోకి వెళ్లింది. నా అంచనా సరైందో కాదో తేల్చే ఏర్పాటు ఏదీ లేదు. తప్పని తేలే అవకాశం లేని అంచనాకూ జోస్యానికీ తేడా ఏమిటి?

ఉద్యోగ నియామకాల మీద దశాబ్దాలుగా జరుగుతున్న పరిశోధనలో పదే పదే తేలింది ఒకటుంది. ఒక్కొక్కరిని ఒక్కో ప్రశ్న అడిగి, మనసుకు తోచిన మార్కు వేసే పిచ్చాపాటీ ఇంటర్వ్యూ కన్నా, అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ముందే రాసుకున్న కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూ నమ్మదగింది. చేయబోయే పనిలో ఒక ముక్కను చేయించి చూడటం కూడా అలాగే మెరుగైన పద్ధతి. వంటమనిషిని కుదుర్చుకునేటప్పుడు మన ఇళ్లలో ఒక పూట వండించి చూస్తాం. టీచరు దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషు వింటే చాలనుకుంటాం.

ఇక ప్రభుత్వ నియామకాల సంగతి చూద్దాం. అక్కడ కథ తలకిందులు. మన తెలుగు రాష్ట్రాల్లో డీఎస్సీకి ఇంటర్వ్యూ లేదు. రాత పరీక్ష మార్కులకు 80, టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ. గుజరాత్‌లో ప్రాథమిక పాఠశాలల విద్యా సహాయక్ నియామకాల్లో టెట్ మార్కులు సగం, అంతకుముందు చదివిన చదువుల మార్కులు సగం. మనిషి ముఖం ఎవరూ చూడరు. ఇందులో పెద్ద మేలు ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. కులం, సిఫారసు, డబ్బు జొరబడే తలుపు ఇంటర్వ్యూయే. హర్యానాలో 2000 సంవత్సరంలో 3,206 మంది జూనియర్ టీచర్ల ఎంపికలో మార్కుల జాబితాలు మార్చిన కేసులో మాజీ ముఖ్యమంత్రి ఓం ప్రకాశ్ చౌతాలాకు 2013లో జైలుశిక్ష పడింది. పశ్చిమ బెంగాల్‌లో 2016 నియామకాల్లో అక్రమాలు తేలడంతో, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 25 వేలకు పైగా టీచర్, ఇతర సిబ్బంది ఉద్యోగాలను రద్దు చేసింది. వాళ్లలో నిజాయితీగా ఉద్యోగం సంపాదించినవాళ్లూ ఉన్నారు. దొంగ లెక్క ఒక్కటి దూరితే మంచి వోచరు కూడా చెల్లదని మా ఆఫీసులో అనేవాళ్లం. అక్కడ జరిగింది అదే.

మెక్సికోలో ఒక ఆర్థికవేత్త దీన్ని కొలిచి చూశాడు. అక్కడ ఒకప్పుడు కొన్ని టీచరు పోస్టులను ఉపాధ్యాయ సంఘం తన ఇష్టప్రకారం, కొన్నింటిని పరీక్ష ద్వారా నింపేవారు. పరీక్ష ద్వారా వచ్చినవాళ్ల దగ్గర చదివిన పిల్లలే మెరుగ్గా నేర్చుకున్నారని తేలింది. కాబట్టి పరీక్షను ఎగతాళి చేయడం తేలిక, దాని స్థానంలో పెట్టేది ఏమిటో చెప్పడం కష్టం.

అయితే పరీక్ష కొలిచేది ఏమిటి? నాలుగు జవాబుల్లో సరైనదాన్ని గుర్తించే శక్తిని. విషయం తెలియనివాణ్ణి వడకట్టడానికి అది పనికొస్తుంది. తెలిసినవాళ్లలో చెప్పగలిగేవాళ్లు ఎవరో అది చెప్పదు. సూరత్ నగరపాలిక పాఠశాలలు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాల్లో నడుస్తున్నాయి. ఇక్కడి తెలుగు పిల్లవాడు ఇంట్లో తెలంగాణ తెలుగు, వీధిలో హిందీ, దుకాణంలో గుజరాతీ మాట్లాడతాడు. పుస్తకంలోని తెలుగు వాడికి నాలుగో భాష. వాడికి ‘వ్యవకలనం’ అన్న మాటను ‘తీసివేత’ అనీ, ‘బాకీ’ అనీ, వాడికి అర్థమయ్యే దారిలో చెప్పగలిగే మనిషి కావాలి. ఆ సామర్థ్యాన్ని ఏ ఓఎంఆర్ షీటూ పట్టుకోలేదు.

పైగా పరీక్ష ఎప్పుడు పెడతారన్నది ఇంకో సమస్య. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ పెద్ద ఎత్తున నియామకాలు 2024లో జరిగాయి, 11,062 పోస్టులకు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత 2025లో, 16,347 పోస్టులకు. ఏడేళ్లకోసారి వాన కురిస్తే ఎవరు మిగులుతారు? ఏడేళ్లు వేరే పని చేయకుండా కోచింగ్ సెంటర్లలో కూర్చోగల స్తోమత ఉన్నవాళ్లు. మంచి టీచర్ కాగలిగిన పేదింటి పిల్ల ఈలోగా సేల్స్ కౌంటర్లో చేరిపోతుంది. 1998 డీఎస్సీలో అర్హత పొంది ఉద్యోగం రాక కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లలో కొన్ని వేలమందికి ఆంధ్రప్రదేశ్‌లో 2023లో కాంట్రాక్టు పద్ధతిన పోస్టింగులు ఇచ్చారు. అన్యాయం సరిదిద్దారని సంతోషించాలి. కానీ పాతికేళ్ల కిందటి మార్కులు 2023లో ఒక తరగతి గదిలో ఏమి జరుగుతుందో చెబుతాయా? యాభై దాటిన ఆ మనుషుల తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు. తప్పు నియామకాన్ని పండగలా అప్పుడప్పుడు చేసే ప్రభుత్వాలది.

ఏళ్ల తరబడి పోస్టులు ఖాళీగా ఉంటే తరగతి గదిలో ఎవరో ఒకరు ఉండాలి కదా. అక్కడే కాంట్రాక్టు టీచరు పుట్టుకొచ్చాడు. మన ఉమ్మడి రాష్ట్రంలో 1980లలో నెలకు 398 రూపాయల మీద స్పెషల్ టీచర్లను పెట్టారు. ఆ అంకె ఆ తరం టీచర్లకు ఇంటిపేరు లాగా అయిపోయింది. తర్వాత విద్యా వాలంటీర్లు వచ్చారు. గుజరాత్‌లో 1998లో విద్యా సహాయక్ పథకం మొదలైంది, నెలకు 2,500 రూపాయల ఫిక్స్ పేతో. ఫిక్స్ పే కాలం అయిదేళ్లు, ఆ తర్వాత రెగ్యులర్ స్కేలు. ఆ ఫిక్స్ పే పెరుగుతూ 2023 అక్టోబరు నుంచి 26 వేలు అయింది. అదే 2023లో గుజరాత్ ప్రభుత్వం జ్ఞాన్ సహాయక్ అనే ఇంకో పథకం తెచ్చింది. 11 నెలల కాంట్రాక్టు. ప్రాథమిక స్థాయికి 21 వేలు, సెకండరీకి 24 వేలు, హయ్యర్ సెకండరీకి 26 వేలు. దీని చివర రెగ్యులర్ స్కేలు లేదు. టెట్, టాట్ పాసైన యువతీయువకులు గాంధీనగర్‌లో రోడ్డెక్కారు. 2024లో ప్రభుత్వం శాశ్వత నియామకాలు ప్రకటించింది. వాటిలో విద్యా సహాయక్ పోస్టులు 13,852. అందులో గుజరాతీ కాని ఇతర మాధ్యమాలకు కేటాయించినవి 1,852.

నేను సర్వీసులో ఉన్నంతకాలం యూనియన్ మనిషిని. కాంట్రాక్టు అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే నాకు నచ్చని సాక్ష్యాన్ని ముందు చెబుతాను. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2005 తర్వాతి సంవత్సరాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒక ప్రయోగం చేశారు. చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచిన 100 పాఠశాలలకు ఒక్కో కాంట్రాక్టు టీచరును అదనంగా ఇచ్చారు. రెండేళ్ల తర్వాత చూస్తే, అలా ఇవ్వని పాఠశాలల కన్నా ఈ పాఠశాలల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ స్పష్టంగా ముందున్నారు. కాంట్రాక్టు టీచర్లు రెగ్యులర్ టీచర్ల కన్నా తక్కువగా గైర్హాజరయ్యారు. వాళ్ల జీతం రెగ్యులర్ జీతంలో అయిదో వంతు మాత్రమే. 2003లో దేశవ్యాప్తంగా చెప్పకుండా వెళ్లి తనిఖీ చేసినప్పుడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో నలుగురు టీచర్లలో ఒకరు బడిలో లేరని తేలిన సంగతి కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

ఈ ఫలితాన్ని చూసి "చూశారా, శాశ్వత ఉద్యోగం మనిషిని సోమరిని చేస్తుంది" అనేవాళ్లు ఉన్నారు. ఆడిటరుగా నేను రెండు అభ్యంతరాలు రాస్తాను. ఒకటి, ఇది అదనపు టీచరు. ఉన్న టీచర్లను తీసేసి కాంట్రాక్టు వాళ్లను పెట్టిన ప్రయోగం కాదు. కాంట్రాక్టు టీచర్లు రెగ్యులర్ వాళ్లకు ఏమీ తీసిపోరని పరిశోధకులు వేరే లెక్కలతో వాదించారు. దాన్ని నేను కొట్టిపారేయను. కానీ ప్రయోగం నేరుగా చూపింది తరగతికి ఇంకో మనిషి వస్తే మేలని. రెండోది ఇంకా ముఖ్యం. ఇలాంటి ప్రయోగమే కెన్యాలో చేసినప్పుడు, ఒక స్వచ్ఛంద సంస్థ నడిపించిన చోట పిల్లల చదువు మెరుగైంది. సరిగ్గా అదే పథకాన్ని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుని నడిపిన చోట ఫలితం సున్నా. కాంట్రాక్టు అదే, జీతం కూడా అదే. మారింది నడిపే తీరు. జీతాలు నెలల తరబడి ఆలస్యమయ్యాయి, పర్యవేక్షణ సడలింది.

రెండో వైపు సాక్ష్యం కూడా చెప్పాలి. ఇండోనేషియాలో సర్టిఫికెట్ పొందిన టీచర్ల మూల వేతనాన్ని రెట్టింపు చేశారు. టీచర్లు సంతోషించారు, అప్పుల బాధలు తగ్గాయి. పిల్లల చదువు మాత్రం అంగుళం కదలలేదు. కాబట్టి "జీతం పెంచండి, చదువు దానంతట అదే బాగుపడుతుంది" అనే మా యూనియన్ నినాదం కూడా పరీక్షకు నిలవలేదు.

శాశ్వతమా, కాంట్రాక్టా? పరీక్షా, ఇంటర్వ్యూయా? ఎక్కువ జీతమా, తక్కువ జీతమా? ఈ జంటల్లో ఒక దాన్ని పట్టుకుని వాదించుకోవడం మనకు అలవాటు. పై సాక్ష్యాలన్నీ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఏమిటంటే, ఏ పద్ధతీ దానంతట అది మంచి టీచరును తెచ్చిపెట్టదు. ప్రతి పద్ధతీ ఒక జల్లెడ. అది ఎవరిని ఆపుతోంది, ఎవరిని వదులుతోంది అని చూసేవాళ్లు ఉంటేనే దాన్ని బాగుచేయగలం. మన దగ్గర ఆ చూడటమే లేదు.

ప్రైవేటు బడి జల్లెడ ఎవరిని ఆపుతుందో నాకు కళ్లారా తెలిసింది. లెక్కల టీచరు వెళ్లిపోయాక, వేసవిలో మళ్లీ నియామకం పెట్టినప్పుడు, ఆ అమ్మాయిని పిలవమని నేనే పట్టుబట్టాను. పిలిచారు. రెండు రోజుల తర్వాత ఆమె మా ఇంటికి వచ్చింది.

"ఉద్యోగం ఇస్తమన్నరు అంకుల్. బ్యాంకుల ఇరవై ఒక్క వేలు పడుతయట. నెల మొదటి వారంల తొమ్మిదిన్నర వేలు నగదు తీసి ఆఫీసుల ఇయ్యాలంట. అందరూ ఇట్లనే ఇస్తున్నరట. మీరు లెక్కల మనిషి కదా, ఏం చెయ్యాలె?"

నేను ఆ పాఠశాలకు వెళ్లి జీతాల రిజిస్టరు అడిగాను. అన్నీ బ్యాంకు చెల్లింపులే, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ముప్పై అయిదేళ్లు నేను ఇలాంటి రిజిస్టర్ల మీదే ‘తనిఖీ చేయబడినది’ అని ముద్ర వేశాను. కాగితం మీద పట్టుకోలేని మోసం ఇది. నగదు తిరిగి ఇవ్వడం గురించి ట్రస్టు పెద్దను అడిగితే ఆయన నొచ్చుకున్నాడు. "ఫీజులు అంతంతమాత్రం, అందరు టీచర్లూ ఇష్టపడే ఇస్తున్నారు" అన్నాడు. అక్కడితో నేను బోర్డు నుంచి తప్పుకున్నాను.

ఈ తొమ్మిదిన్నర వేలను అన్యాయం అని వదిలేస్తే సరిపోదు. అది నియామక పద్ధతిలో ఒక భాగం. మొదటి నెలలోనే ఒక దొంగ లెక్కకు ఒప్పుకునేవాళ్లు ఉంటారు, ఒప్పుకోనివాళ్లు బయటికి పోతారు. గతిలేక ఒప్పుకున్నవాళ్లు ఇంకో చోట దొరకగానే వెళతారు. బీకాంలో చదువుకున్న గ్రెషామ్ సూత్రం గుర్తొచ్చింది. ప్రభుత్వం రెండు నాణేలకూ ఒకే విలువ కట్టినప్పుడు మంచి నాణెం చలామణీ నుంచి తప్పుకుంటుంది. ఇక్కడా బాగా చెప్పేవాళ్లకూ ఊరికే నిలబడేవాళ్లకూ ఒకే పదకొండున్నర వేలు కడితే ఎవరు మిగులుతారు?

ఇందులో తల్లిదండ్రుల డబ్బు కూడా ఉంది. గుజరాత్‌లో 2017లో వచ్చిన ఫీజుల నియంత్రణ చట్టం ప్రకారం, పరిమితికి మించి ఫీజు వసూలు చేయాలనుకునే పాఠశాల తన ఖర్చులు కమిటీకి చూపించాలి. ఆ ఖర్చుల్లో పెద్ద పద్దు టీచర్ల జీతాలే. ఇలాంటి చోట కాగితం మీది ఇరవై ఒక్క వేలు చూపి ఫీజు పెంచుకుంటే, ఇచ్చింది పదకొండున్నర వేలే అయినప్పుడు, దోపిడీ టీచరుదీ, పిల్లవాడి తండ్రిదీ.

టీచరుకు చట్టం అండ కూడా అంతంతమాత్రమే. టీచరు ‘వర్క్‌మన్’ నిర్వచనంలోకి రాడని సుప్రీంకోర్టు 1988లో సుందరంబాళ్ కేసులో చెప్పింది. మిల్లు కార్మికుడికి పారిశ్రామిక వివాదాల చట్టం కింద దొరికిన రక్షణ ఆ టీచరుకు దొరకలేదు. గ్రాట్యుటీ కోసం పార్లమెంటు 2009లో చట్టం సవరించాల్సి వచ్చింది, దాన్ని కూడా పాఠశాలలు సవాలు చేస్తే 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. 2025 ఆగస్టులో మన గుజరాత్ కేసే ఒకటి వచ్చింది. ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీల్లో నెలకు 30 వేల మీద ఏళ్లుగా పనిచేస్తున్న కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లకు రెగ్యులర్ వాళ్ల కనీస స్కేలు ఇవ్వమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సభల్లో గురువును బ్రహ్మ, విష్ణువు అంటూ శ్లోకం చదివితే సరిపోదని కూడా ఆ తీర్పులో ఉంది. ఏటా సెప్టెంబరు 5న శాలువాలు కప్పే పాఠశాలలన్నీ ఆ వాక్యాన్ని ఆఫీసు గోడకు తగిలించుకోవాలి.

ఆ అమ్మాయి ఏమైందని మీరు అడగవచ్చు. నేనే ఆమెకు ట్యాలీ నేర్పించాను. రింగ్ రోడ్డు మీద ఒక టెక్స్‌టైల్ మార్కెట్లో, తెలిసిన చీరల వ్యాపారి దగ్గర, నెలకు 18 వేల మీద అకౌంట్లు రాసే పనిలో పెట్టించాను. ఇప్పుడు జీతం ఇంకా పెరిగింది. ఇంటిల్లిపాదీ నాకు కృతజ్ఞతలు చెబుతారు. సాయంత్రం పార్కింగులో ట్యూషన్ మాత్రం ఆగిపోయింది, మార్కెట్ నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. మొదట నాలుగు మార్కులు వేసి, తర్వాత మంచి ఉద్యోగం చూపించి, రెండుసార్లూ ఆమెను బడికి దూరం చేసింది నేనే. రెండోసారి తప్పు చేశానని అనను. మళ్లీ అడిగినా అదే సలహా ఇస్తాను. అలాంటి సలహా ఇవ్వాల్సి రావడమే ఈ వ్యాసం రాయడానికి కారణం.

విమర్శించి ఊరుకుంటే సరిపోదు కాబట్టి, ఒక మామూలు పాఠశాల రేపటి నుంచే, పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగినవి రాస్తున్నాను.

1. ప్రకటనలోనే జీతం అంకె వేయాలి. అది బ్యాంకులో పడాలి, అక్కడే ఉండాలి. పదకొండున్నర వేలే ఇవ్వగలిగితే పదకొండున్నర అనే రాయండి. తక్కువ జీతం కన్నా దొంగ జీతం ఎక్కువ మందిని తరిమేస్తుంది.

2. అభ్యర్థి చేత నిజమైన పిల్లలకు ఇరవై నిమిషాల పాఠం చెప్పించాలి. అందరికీ ఒకే పాఠం, ఒకే తరగతి స్థాయి. చూసేవాళ్లలో ఒకరైనా ఆ సబ్జెక్టు చెప్పిన అనుభవం ఉన్నవాళ్లు కావాలి. నా లాంటి రిటైర్డు గుమాస్తాలు బయట కూర్చుని టీ తాగవచ్చు.

3. దేనికి ఎన్ని మార్కులో ముందే కాగితం మీద రాసుకోవాలి. పిల్లవాడి తప్పును పట్టుకుందా, దాన్ని ఎలా సరిదిద్దింది, వెనక బెంచీ పిల్లల్ని ఎన్నిసార్లు పలకరించింది వంటివి. చూసేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే విడివిడిగా మార్కులు వేయాలి.

4. ఆ కాగితం పారేయకూడదు. పిల్లల చదువు, లెక్కల స్థాయిని జూన్‌లో ఒకసారి, మార్చిలో ఒకసారి చిన్న పరీక్షతో చూడాలి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ సర్వేలో వాడుతున్న ఒక్క పేజీ పరీక్ష లాంటిది చాలు. రెండేళ్లకోసారి మనం వేసిన మార్కులకూ, పిల్లలు ఎదిగిన తీరుకూ పొంతన ఉందో లేదో చూడాలి. పొంతన లేకపోతే మార్చాల్సింది మన మార్కుల పద్ధతిని.

5. కాంట్రాక్టు పెడితే, ఏ తేదీన, ఏ కొలతతో పర్మనెంటు చేస్తారో మొదటి రోజే రాసివ్వాలి. చివర ఏమీ లేని 11 నెలల కాంట్రాక్టులో ఉన్న టీచరు పదో నెల నుంచి పాఠం కన్నా ఇంకో ఉద్యోగం గురించి ఎక్కువ ఆలోచిస్తే ఆమెను తప్పుపట్టలేం.

ప్రభుత్వాలకు చెప్పాల్సింది ఇంకా చిన్నది. ఎంతమంది ఏ సంవత్సరం రిటైరవుతారో సర్వీసు రిజిస్టర్లలో రాసే ఉంటుంది. వాటిని తనిఖీ చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అది లెక్కించడానికి అరపూట పని. ఏటా ఖాళీలు ఏటా నింపండి. రాత పరీక్ష ఉంచండి. దాని తర్వాత, పేరు, కులం చూసేవాళ్లకు తెలియకుండా ఒక పాఠం చెప్పించండి. కేంద్రీయ విద్యాలయాలు 2022 నోటిఫికేషన్ నియామకాల్లో రాత పరీక్షతో పాటు డెమో పాఠం కూడా పెట్టాయి, అసాధ్యమేమీ కాదు. డెమోకు కొద్ది మార్కులే ఇవ్వండి, సిఫారసుకు చోటు తగ్గుతుంది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు సర్వీసులో ఉన్న టీచర్లు కూడా టెట్ పాసవ్వాలని, రిటైర్మెంటుకు అయిదేళ్లకు మించి సర్వీసు ఉన్నవాళ్లకు రెండేళ్ల గడువని తీర్పు చెప్పింది. లక్షలమంది ఆ పరీక్ష రాయాల్సి వచ్చింది. సరే, ఇదే అదను. టెట్ మార్కు ఎక్కువ వచ్చిన టీచరు దగ్గర పిల్లలు నిజంగా ఎక్కువ నేర్చుకుంటున్నారా అన్నది తేల్చడానికి ఇంత పెద్ద సమాచారం మళ్లీ దొరకదు. ఎవరైనా లెక్క వేసి బయటపెడతారా?

పిల్లల మార్కులతో టీచరును కొలిస్తే టీచర్లు పరీక్షకే పాఠాలు చెబుతారని ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. నిజమే. అందుకే ఆ అంకెతో టీచరుకు శిక్ష వేయమని నేను అనడం లేదు. ఎంపిక చేసినవాళ్ల అంచనాను సరిచూసుకోవడానికి వాడమంటున్నాను. పరీక్ష పెట్టమంటున్నది బోర్డుకు.

చివరగా తల్లిదండ్రులకు ఒక మాట. మన పర్వత్ పాటియా, లింబాయత్ మగ్గాల మీద పనిచేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. గ్రే గుడ్డ తాకా వస్తే విప్పి, వెలుతురుకు పట్టి, తెగిన పోగు ఎక్కడుందో వెతికి గానీ వ్యాపారి డబ్బు ఇవ్వడు. పిల్లవాణ్ణి బడిలో చేర్చేటప్పుడు మాత్రం ఏసీ ఉందా, బస్సు ఉందా అని అడిగి ఫీజు కట్టి వస్తున్నాం. వచ్చే జూన్‌లో మూడు ప్రశ్నలు అడగండి. పోయిన ఏడాది మీ టీచర్లలో ఎంతమంది మధ్యలో వెళ్లిపోయారు? కొత్తవాళ్లను తీసుకునే ముందు వాళ్ల పాఠం ఎవరు విన్నారు? వాళ్లకు చేతికి ఎంత ఇస్తున్నారు? ప్రిన్సిపాల్ కోప్పడవచ్చు. ఒక్కరు అడిగితే కోప్పడతారు, యాభై మంది అడిగితే రిజిస్టరు తీస్తారు. నేను నా మనవడి బడిలో అడిగాను. మొదటి ప్రశ్నకు జవాబు వచ్చింది: పదకొండు మంది. మిగతా రెండింటికి ఇంకా ఎదురుచూస్తున్నాను.